డీఆర్‌బీడీ

డీఆర్‌బీడీ అనేది రెండు వేర్వేరు సర్వర్లలో ఉన్న డిస్కులను నెట్‌వర్కు ద్వారా ఒకదానికొకటి ప్రతిబింబంగా నిలిపి ఉంచే లినక్సు సాఫ్టువేరు. డిస్ట్రిబ్యూటెడ్ రెప్లికేటెడ్ బ్లాక్ డివైస్ అన్న పేరుకు ఇది సంక్షిప్త రూపం. ఒక సర్వరు పూర్తిగా పాడైనా, రెండవ సర్వరు అదే సమాచారంతో కొద్దిసేపటిలోనే పని కొనసాగించగలగడం దీని ముఖ్య ప్రయోజనం. డేటాబేసులు, ఫైలు సర్వర్లు, వర్చువల్ యంత్రాలు మొదలైన, ఆగకుండా నడవవలసిన సేవలకు దీనిని ఉపయోగిస్తారు. ఇది జీపీఎల్ రెండవ కూర్పు లైసెన్సు కింద లభించే స్వేచ్ఛా సాఫ్టువేరు.

నేపథ్యం

ఒకే సమాచారాన్ని రెండు డిస్కులపై వ్రాసే పద్ధతిని రెయిడ్-1 అంటారు. రెయిడ్ అన్న పేరు, దాని స్థాయిల వర్గీకరణ 1988లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ ప్రచురించిన పత్రం ద్వారా ప్రసిద్ధి చెందాయి. రెయిడ్-1లో ఒక డిస్కు చెడిపోయినా రెండవది పనిచేస్తుంది. అయితే రెండు డిస్కులూ ఒకే కంప్యూటరులో ఉంటాయి కనుక ఆ కంప్యూటరు మదర్‌బోర్డు గాని, విద్యుత్ సరఫరా భాగం గాని చెడిపోతే రెండు నకళ్ళూ ఒకేసారి అందకుండా పోతాయి. ఈ లోపాన్ని తొలగించడానికి రెండవ డిస్కును మరొక కంప్యూటరులో ఉంచడమే డీఆర్‌బీడీ వెనుక ఉన్న ఆలోచన. అందువలన దీనిని నెట్‌వర్కు మీద నడిచే రెయిడ్-1 అని కూడా వర్ణిస్తారు.

చరిత్ర

ఫిలిప్ రైస్నర్ ఆస్ట్రియాలోని వియన్నా సాంకేతిక విశ్వవిద్యాలయంలో తన డిప్లొమా పరిశోధనలో భాగంగా 2000 ప్రాంతంలో దీనిని రూపొందించాడు. తరువాత వియన్నాలోని లిన్‌బిట్ సంస్థ దీని అభివృద్ధిని చేపట్టింది. లార్స్ ఎలెన్‌బర్గ్ ఇందులో ముఖ్య పాత్ర వహించాడు. 2007లో వచ్చిన 8వ కూర్పుతో రెండు సర్వర్లలోనూ ఏకకాలంలో వ్రాసే సదుపాయం కలిగింది. 2010 ఫిబ్రవరిలో విడుదలైన లినక్సు కెర్నలు 2.6.33లో డీఆర్‌బీడీ అంతర్భాగమైంది. 2015లో వచ్చిన 9వ కూర్పు రెండు కంటే ఎక్కువ సర్వర్లకు నకళ్ళు పంపగలదు.

పనిచేసే విధానం

డీఆర్‌బీడీ ఫైలు వ్యవస్థకూ అసలు డిస్కుకూ మధ్య ఒక పొరగా ఉంటుంది. పైన ఉన్న ఫైలు వ్యవస్థకు ఇది మామూలు డిస్కులాగే కనిపిస్తుంది. సాధారణంగా ఒక సర్వరు ప్రాథమిక పాత్రలోనూ, రెండవది ద్వితీయ పాత్రలోనూ ఉంటాయి. ప్రాథమిక సర్వరులో వ్రాసిన ప్రతి బ్లాకూ అక్కడి డిస్కుకు చేరడంతో పాటు నెట్‌వర్కు ద్వారా రెండవ సర్వరుకు కూడా వెళుతుంది. చదవడం మాత్రం సాధారణంగా స్థానిక డిస్కు నుండే జరుగుతుంది. ద్వితీయ పాత్రలో ఉన్నంతకాలం ఆ డిస్కును మౌంటు చేయడానికి వీలుండదు.

ఒక సర్వరు ఆగిపోయినట్లు గుర్తించి, రెండవదానిని ప్రాథమికంగా మార్చి, సేవలను అక్కడ ప్రారంభించడం డీఆర్‌బీడీ పని కాదు. దానికి పేస్‌మేకర్ వంటి క్లస్టరు సాఫ్టువేరును జతచేస్తారు.

ప్రొటోకాళ్ళు

ఒక వ్రాత పూర్తయిందని అప్లికేషనుకు ఎప్పుడు తెలియజేయాలన్న దానిని బట్టి మూడు ప్రొటోకాళ్ళు ఉన్నాయి.

* ప్రొటోకాల్ ఏ: సమాచారం స్థానిక డిస్కుకు చేరి, పంపవలసిన ప్యాకెట్టు స్థానిక టీసీపీ బఫరులో పడితే చాలు. వేగం ఎక్కువ. కానీ ప్రాథమిక సర్వరు హఠాత్తుగా ఆగిపోతే చివరి వ్రాతలు పోవచ్చు.
* ప్రొటోకాల్ బి: స్థానిక డిస్కుకు చేరడంతో పాటు, సమాచారం రెండవ సర్వరు మెమొరీకి కూడా చేరాలి. రెండు సర్వర్లకూ ఒకేసారి విద్యుత్తు పోతే నష్టం కలగవచ్చు.
* ప్రొటోకాల్ సి: రెండు డిస్కులపైనా వ్రాయడం పూర్తి కావాలి. ఎక్కువగా వాడేది ఇదే.

ప్రొటోకాల్ సి లో ప్రతి వ్రాతా నెట్‌వర్కులో ఒకసారి వెళ్ళి వచ్చేదాకా ఆగవలసి ఉంటుంది. ఆప్టికల్ ఫైబరులో కాంతి 1 మిల్లీ సెకనుకు సుమారు 200 కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. కనుక 1000 కిలోమీటర్ల దూరానికి రానుపోను 10 మిల్లీ సెకన్లు తప్పవు. ఈ కారణంగా ప్రొటోకాల్ సి ని ఒకే భవనంలో గాని, ఒకే నగరంలో గాని ఉన్న సర్వర్ల మధ్యా, ప్రొటోకాల్ ఏ ని సుదూర ప్రాంతాల మధ్యా వాడతారు.

తిరిగి సమానం చేయడం

సర్వర్ల మధ్య సంబంధం తెగినప్పుడు, మారిన భాగాలను డీఆర్‌బీడీ ఒక బిట్ పటంలో గుర్తుపెట్టుకొంటుంది. ఇందులో ఒక్కొక్క బిట్ 4 కిలోబైట్ల భాగాన్ని సూచిస్తుంది. 1 టెరాబైటు డిస్కుకు ఈ పటం 32 మెగాబైట్లు మాత్రమే. సంబంధం తిరిగి ఏర్పడగానే డిస్కు మొత్తాన్ని కాక, మారిన భాగాలను మాత్రమే పంపుతుంది. ఈ పని ముగిసేవరకు రెండవ డిస్కులో కొంత పాత, కొంత కొత్త సమాచారం కలిసి ఉంటుంది కాబట్టి ఆ సమయంలో అది నమ్మదగిన నకలు కాదు.

స్ప్లిట్ బ్రెయిన్

రెండు సర్వర్లూ బాగానే ఉండి, వాటి మధ్య నెట్‌వర్కు మాత్రమే తెగిపోతే అసలు చిక్కు వస్తుంది. అవతలి సర్వరు ఆగిపోయిందా, లేక దారి మాత్రమే మూసుకుపోయిందా అన్నది ఇవతలి సర్వరుకు తెలియదు. రెండూ ప్రాథమిక పాత్ర తీసుకొని వేర్వేరు సమాచారం వ్రాయడాన్ని స్ప్లిట్ బ్రెయిన్ అంటారు. ఉదాహరణకు ఒక దుకాణానికి వచ్చిన ఆర్డర్లు కొన్ని ఒక సర్వరులో, మిగిలినవి మరొకదానిలో నమోదవుతాయి. సంబంధం తిరిగి ఏర్పడినప్పుడు డీఆర్‌బీడీ ఈ తేడాను గుర్తించి, ముందుగా వేరే ఆదేశం ఇచ్చి ఉండకపోతే, కలపకుండా ఆగిపోతుంది. బ్లాకుల స్థాయిలో రెండింటినీ కలపడం సాధ్యం కాదు కనుక, ఏ సర్వరులోని మార్పులను వదులుకోవాలో నిర్వాహకుడే నిర్ణయించాలి.

దీని నివారణకు సర్వర్ల మధ్య రెండు వేర్వేరు నెట్‌వర్కు దారులు ఏర్పాటు చేస్తారు. పాత్ర మార్చే ముందు అవతలి సర్వరు విద్యుత్తును బలవంతంగా ఆపివేసే పద్ధతి మరొకటి. దీనిని స్టోనిత్ అంటారు. ఇద్దరిలో మెజారిటీ తేలదు కాబట్టి మూడవ సర్వరును తీర్పరిగా పెట్టే కోరం పద్ధతిని 9వ కూర్పులో వాడవచ్చు. దాని వద్ద డిస్కు ఉండనవసరం లేదు.

ఈ జాగ్రత్తలు కూడా విఫలం కావచ్చు. 2012 డిసెంబరు 22న గిట్‌హబ్ సంస్థ నెట్‌వర్కులో అంతరాయం కలిగినప్పుడు, డీఆర్‌బీడీతో జతపరచిన దాని ఫైలు సర్వర్లు ఒకదానినొకటి ఆపివేయడానికి ప్రయత్నించాయి. కొన్ని జతలలో రెండు సర్వర్లూ ఆగిపోయాయి. ఏ జతలో ఏది సరైన నకలో నిర్ధారించుకొంటూ సేవలను పునరుద్ధరించడానికి గంటల సమయం పట్టింది.

పరిమితులు

ప్రతిబింబం బ్యాకప్‌కు ప్రత్యామ్నాయం కాదు. పొరపాటున చెరిపివేసిన ఫైలు రెండు సర్వర్లలోనూ వెంటనే చెరిగిపోతుంది. వైరస్ పాడుచేసిన సమాచారం కూడా అలాగే నకలవుతుంది. అందువలన వేరొక చోట పాత తేదీల నకళ్ళను విడిగా భద్రపరచవలసి ఉంటుంది. రెండు సర్వర్లలో ఒకేసారి వ్రాయాలంటే ఈఎక్స్‌టీ4 వంటి సాధారణ ఫైలు వ్యవస్థలు పనికిరావు. జీఎఫ్‌ఎస్2, ఓసీఎఫ్‌ఎస్2 వంటి క్లస్టరు ఫైలు వ్యవస్థలు అవసరం.

ఇవి కూడా చూడండి

* రెయిడ్
* లినక్సు
* ఫైలు వ్యవస్థ
* బ్యాకప్