కొద్ది డబ్బుతో తొలి ఎస్.ఎల్.ఆర్. కెమెరా



మీ దగ్గర కొత్త యాభై రూపాయల నోటు ఉంటే ఒకసారి వెనక్కి తిప్పి చూడండి. 2017లో వచ్చిన ఆ నోటు మీద హంపి రాతిరథం ఉంటుంది. విఠ్ఠల దేవాలయం ముంగిట ఉన్న ఆ రథాన్ని మన బళ్లారి ప్రాంతంలో చూడనివారు అరుదు. అయితే ఒకప్పుడు ఆ రథం మీద ఇటుకలతో కట్టిన శిఖరం కూడా ఉండేదన్న సంగతి చాలామందికి తెలియదు. తర్వాతి కాలంలో దాన్ని తీసివేశారు. అది ఎలా ఉండేదో ఈనాడు మనం చూడగలుగుతున్నామంటే, ఒక మనిషి కెమెరా మోసుకుని అక్కడికి వెళ్లినందువల్లనే.

ఆయన పేరు అలెగ్జాండర్ గ్రీన్‌లా. మద్రాసు సైన్యంలో 46వ దేశీయ పదాతి దళానికి చెందిన అధికారి. బళ్లారి అప్పుడు మద్రాసు రాజధానిలో జిల్లా. 1856 ప్రాంతంలో ఆయన హంపి శిథిలాలను మైనం పట్టించిన కాగితపు నెగటివుల మీద చిత్రించాడు. ఒక్కొక్క నెగటివు అడుగుకు మించిన పొడవు, వెడల్పు. వెలుగు పడవలసిన సమయం నిమిషాల లెక్కన. ఎండలో నల్లగుడ్డ కప్పుకుని, గరుకు గాజు పలక మీద తలకిందులుగా కనిపించే గుడిని చూసి సరిచేసుకుని, ఆ పలక తీసి కాగితం పెట్టి, అప్పుడు మూత తెరవాలి. ఒక్క బొమ్మకు ఇంత శ్రమ! దాదాపు నూట ముప్పై ఏళ్ల తరువాత, 1980లలో, జాన్ గోలింగ్స్ అనే ఆస్ట్రేలియా ఫోటోగ్రాఫర్ అవే చోట్ల నిలబడి మళ్లీ తీశాడు. రెండు వరుసలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఏది నిలిచిందో, ఏది పోయిందో చెప్పకనే తెలుస్తుంది.

ఇప్పుడు మన అసలు విషయానికి వద్దాం. గ్రీన్‌లా పడిన అవస్థకు విరుగుడుగా వచ్చినదే ఎస్.ఎల్.ఆర్. కెమెరా. పేరు పెద్దది, కిటుకు చిన్నది. లెన్సు వెనుక ఏటవాలుగా ఒక అద్దం ఉంటుంది. లెన్సులోంచి వచ్చిన వెలుగును అది పైకి తిప్పుతుంది. మీట నొక్కగానే అద్దం పైకి లేస్తుంది, తెర తెరుచుకుంటుంది, వెలుగు ఫిల్ము మీద పడుతుంది. అంటే మన కన్ను ఏ లెన్సులోంచి చూసిందో ఫిల్ము కూడా అందులోంచే చూస్తుంది. ఈ పద్ధతికి 1861లోనే ఇంగ్లండులో థామస్ సటన్ పేటెంటు తీసుకున్నాడు. 35 మిల్లీమీటర్ల ఫిల్ముకు తగిన కినె ఎక్సాక్టా 1936లో జర్మనీలోని డ్రెస్‌డెన్‌లో తయారైంది. బొమ్మను నిటారుగా, కుడి ఎడమలు తారుమారు కాకుండా చూపే పెంటాప్రిజం 1940ల చివర వచ్చింది. 1959లో నికాన్ ఎఫ్, 1964లో లెన్సులోంచి వచ్చే వెలుగునే కొలిచే పెంటాక్స్ స్పాట్‌మాటిక్ వచ్చాక పత్రికల వాళ్ల చేతుల్లో అవే కనిపించాయి.

మన ఇళ్లకు మాత్రం అవి అంత తొందరగా రాలేదు. మనకు తెలిసినది ఆగ్ఫా క్లిక్ త్రీ. రీలుకు పన్నెండు బొమ్మలు. నలుపు తెలుపు ఫిల్ము, కాగితం ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ నుంచి ‘ఇందు’ పేరుతో వచ్చేవి. ఆ కర్మాగారం ఇప్పుడు మూతబడింది. విదేశీ కెమెరాల మీద సుంకం ఎక్కువ గనుక, గల్ఫ్ నుంచో సింగపూర్ నుంచో ఎవరైనా వస్తుంటే ముందుగా చెప్పి తెప్పించుకునే రోజులవి.

నేను కూడా అలాగే రెండేళ్ల జీతంలో కొంత కొంత కూడబెట్టి ఒక పాత ఎస్.ఎల్.ఆర్. కొన్నాను. చేసిన మొదటి తప్పు, డబ్బంతా కెమెరాకే పెట్టి, దాన్ని నేర్చుకోవడానికి ఫిల్ముకు ఏమీ మిగుల్చుకోకపోవడం. 1953 అక్టోబరు 1న బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రలోకి వెళ్లాయి. మా బంధువర్గం కూడా ఆ గీతకు అటు కొందరు, ఇటు కొందరు అయ్యారు. మా అవ్వ ఆదోని నుంచి వచ్చినప్పుడు హంపికి తీసుకుపోయి, రథం ముందర, పుష్కరిణి మెట్ల మీద, ముప్పై ఆరు బొమ్మలు తీశాను. తీరా చూస్తే ఫిల్ము చుట్ట మీదికి ఎక్కనే లేదు. రీలంతా ఖాళీ! ‘‘పోనీలే నాయనా, మళ్లీ వస్తా కదా’’ అంది అవ్వ. ఆమె మళ్లీ రాలేదు. గ్రీన్‌లా దయవల్ల రథం శిఖరం మిగిలింది గానీ, మా అవ్వ బొమ్మ మా ఇంట్లో లేదు. మీలో ఎవరికీ ఇలా జరగకూడదనే ఈ ప్రసంగం.

ఇప్పుడు చిత్రమేమంటే, అందరి చేతుల్లో ఫోన్లున్న ఈ రోజుల్లో కూడా కొందరు యువతీ యువకులు ఫిల్ము కెమెరా కావాలని వెతుకుతున్నారు. దొరికేవి దాదాపు అన్నీ పాతవే. ఏది కొనాలి?

అన్నిటికంటె చవకైనది సోవియట్ జెనిట్. ఇనుపగుండులాంటి కెమెరా. బ్యాటరీ అక్కరలేదు. హీలియోస్ అనే 58 మిల్లీమీటర్ల లెన్సు చాలా మంచిది. కానీ చూసే కిటికీలో వెలుగు తక్కువ. జెనిట్-ఇ లో తెర వేగాలు సెకనులో ముప్పయ్యో వంతు నుంచి అయిదువందలో వంతు వరకే. లెన్సు రంధ్రాన్ని ప్రతిసారీ చేత్తో మూయాలి. ఓపిక ఉన్నవారికి ఇది మంచి గురువు.

రెండవది పెంటాక్స్ కె-1000. 1976 నుంచి 1997 వరకు తయారైంది. ప్రపంచమంతటా ఫోటోగ్రఫీ విద్యార్థుల చేతిలో ఉన్న కెమెరా. ఒక సెకను నుంచి వెయ్యో వంతు వరకు వేగాలున్నాయి. బ్యాటరీ వెలుగు కొలిచే ముల్లుకు మాత్రమే. అది అయిపోయినా కెమెరా ఆగదు. ఆ ముల్లును ఆపే స్విచ్చి లేదు కాబట్టి, పని కాగానే లెన్సుకు మూత పెట్టడం మరిచిపోకండి.

మూడవ వర్గంలో యాషికా ఎఫ్‌ఎక్స్-3, నికాన్ ఎఫ్‌ఎం-10 ఉన్నాయి. రెండూ జపానులో కొసీనా సంస్థ తయారుచేసి ఇచ్చినవే. తేలిక. ఎఫ్‌ఎం-10 ఒళ్లు ప్లాస్టిక్కు, కానీ నికాన్ లెన్సులు సులభంగా దొరుకుతాయి. దానితో వచ్చే 35-70 జూమ్ కంటె, 50 మిల్లీమీటర్ల ఎఫ్-2 లెన్సు మూడింతలకు మించి వెలుగు తెస్తుంది. ఇది చిన్న విషయం కాదు. పురావస్తు శాఖ అధీనంలోని గుళ్లలో మూడుకాళ్ల స్టాండు వాడాలంటే ముందుగా అనుమతి కావాలి. చీకటి మంటపంలో చేతబట్టి తీయాలంటే ఆ వెలుగే మనకు దిక్కు.

పేరు ఏదైనా, కొనేముందు ఈ పరీక్షలు చేయండి. వెనుక తలుపు తెరిచి, లెన్సు తీసి, దీపం వైపు పట్టుకుని అత్యంత వేగంలో మీట నొక్కండి. వెలుగు గడి నిండా కనబడాలి. ఒక పక్క చీకటి ఉంటే తెర దెబ్బతిన్నట్టు. ఒక సెకను వేగం ఉన్న కెమెరా అయితే అక్కడ పెట్టి ‘‘ఒకటి’’ అని నిదానంగా లెక్కపెట్టండి. లెన్సును వెలుగుకు పట్టి చూస్తే సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే అది బూజు, వదిలేయండి. బ్యాటరీ గది తెరిచి పచ్చటి చిలుము ఉందేమో చూడండి. తలుపు అంచుల్లోని నల్ల స్పాంజి జిగటగా మారిందంటే వెలుగు లోపలికి కారుతుంది. దాన్ని తక్కువ ఖర్చుతోనే మార్పించవచ్చు. మన వైపు గనుల ఎర్రదుమ్ము సంగతి మీకు తెలిసిందే కనుక మీటలు, చక్రాలు గరగరమనకుండా తిరుగుతున్నాయో లేదో చూసుకోండి.

డబ్బు విషయంలో నా సలహా ఒకటే. ఉన్నదాన్ని నాలుగు పాళ్లు చేయండి. రెండు పాళ్లు కెమెరాకు, ఒక పాలు శుభ్రం చేయించడానికి, ఒక పాలు ఫిల్ముకు. వెలుగు కొలిచే ముల్లు పనిచేయకపోయినా బెంగపడకండి. 100 వేగపు ఫిల్ము వేసి, రంధ్రం 16 దగ్గర, తెర 125వ వంతు దగ్గర పెడితే మన బళ్లారి ఎండకు సరిపోతుంది. నీడలోకి వస్తే రంధ్రం 5.6కు తెరవండి. నలుపు తెలుపు ఫిల్ము ఇంట్లోనే కడగవచ్చు. అయితే మందునీళ్లు మామూలుగా 20 డిగ్రీల దగ్గర ఉండాలి. వేసవిలో మన కొళాయి నీళ్లు వేడిగా వస్తాయి గనుక మందు సీసాను మంచునీళ్ల గిన్నెలో కూర్చోబెట్టాలి.

చివరగా, అన్నిటికంటె ముఖ్యమైన మాట. ఫిల్ము ఎక్కించి, తలుపు మూసి, ఎడమవైపు వెనక్కి చుట్టే గుండీని మెల్లగా తిప్పి వదులు లేకుండా చేయండి. తర్వాత ముందుకు తిప్పే మీట లాగినప్పుడల్లా ఆ గుండీ కూడా తిరుగుతోందా అని చూడండి. తిరిగితే ఫిల్ము కదులుతున్నట్టు. తిరగకపోతే, ఎదుట ఎవరు నిలబడి నవ్వుతున్నా సరే, ‘‘ఒక్క నిమిషం ఆగండి’’ అని చెప్పి సరిచేసుకోండి. ఆ ఒక్క నిమిషం నేను ఆగలేదు.

హంపి 1986 నుంచి ప్రపంచ వారసత్వ స్థలం. 2021లో ఏర్పడిన విజయనగర జిల్లాలోకి వెళ్లింది. ఆ రాళ్లను కాపాడడానికి ప్రభుత్వాలున్నాయి. మన ఇంటి పెద్దల ముఖాలను కాపాడవలసినది మనమే. కాబట్టి మొదటి రీలు గుళ్లకు కాదు, వాళ్లకు కేటాయించండి.