బీగము, మారుచెవి

శ్రావణమాసమున ఉరుకుంద ఈరన్నస్వామి దర్శనమునకు బయలుదేరు గృహస్థు, వీధిలోనికి దిగిన పిదప మరల వెనుకకు వచ్చి, తలుపునకు వేసిన బీగమును ఒకసారి లాగి చూచును. బీగ మన్నది ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల మాట, కోస్తావారు తాళమందురు. ఏ పేరున పిలిచినను దాని ధర్మ మొక్కటే: తనకు తగిన చెవికి తప్ప లొంగదు. 1894లో ఎమిల్ ఫిషర్ అను జర్మను రసాయనశాస్త్రజ్ఞుడు శరీరములోని ఎంజైములను గురించి చెప్పుచు ఈ ఉపమానమునే వాడెను. ఎంజైము బీగము, దానిలో ఇముడు పదార్థము చెవి. కంప్యూటరు సహాయమున ఔషధములను వెదకు విధానమును బి.ఎస్సీ. విద్యార్థులకు బోధించునపుడు సాధారణముగా ఇచ్చటనుండియే ఆరంభింతురు. ఆ పాఠములో తరచుగా వచ్చు ఉదాహరణము మెథోట్రెక్సేటు అను మందు. దాని వెనుక ఒక తెలుగు వైద్యుని పరిశ్రమ కలదు.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. మెట్రిక్యులేషను పరీక్ష మూడవ ప్రయత్నమునగాని దాటలేదు. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహమునకు గురియగుటచే ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో తృప్తిపడవలసి వచ్చెను. సోదరులిద్దరు స్ప్రూ వ్యాధికి బలియైరి. 1922లో ఆయన బోస్టను చేరిరి. అచ్చట హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి, రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. ఆ పద్ధతిని మన కళాశాలల విద్యార్థులు పరీక్షనాళికలు పట్టుకొని నేటికిని చేయుచునే యున్నారు. అందులో రెండవ పేరు ఎవరిదో అడుగువారు మాత్రము తక్కువ.

1940లో ఆయన లెడర్లీ ప్రయోగశాలలలో చేరిరి. ఆయన నాయకత్వమున పనిచేసిన బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. సోదరులను కబళించిన స్ప్రూ వ్యాధికి అదియే మందయ్యెను. అంతటితో ఆగక, ఆ ఆమ్లమును పోలియు పోలని పదార్థములను కూడ వారు నిర్మించిరి. ఒకచోట ఆక్సిజనునకు బదులు అమైనో సమూహమును నిలిపిన చాలును, పోషకమే నిరోధకమగును. బీగములో దూరును గాని తిరుగదు. అసలు చెవికి చోటివ్వదు. ఇట్టి మారుచెవియే అమైనోప్టెరిన్. బోస్టనులో డాక్టరు సిడ్నీ ఫార్బర్ దానిని రక్తక్యాన్సరు సోకిన 16 మంది పిల్లలకు ఇవ్వగా 10 మందిలో గుణము కనిపించినదని 1948 జూనులో ప్రకటించెను. ఆ గుణము తాత్కాలికమే. అయినను అంతకుముందు ఆ తల్లిదండ్రులకు చెప్పదగిన మాటయే లేకుండెను. అదే సంవత్సరము ఆగస్టులో సుబ్బారావుగారు న్యూయార్కులో కన్నుమూసిరి. వయస్సు 53. అమైనోప్టెరినునకు తోబుట్టువైన మెథోట్రెక్సేటు 1956లో, గర్భిణులలో మావినుండి పుట్టు ఒక క్యాన్సరును పూర్తిగా మాన్పెను.

విశేషమేమనగా, ఇంత జరిగినను బీగమును కన్నులార చూచినవారు లేరు. సుబ్బారావుగారి బృందము చెవిని బట్టి చెవిని చేసినది. 1977లో శాన్ డియాగోలో మాథ్యూస్, క్రౌట్ మొదలగువారు ఆ ఎంజైమును మెథోట్రెక్సేటుతో సహా స్ఫటికముగా చేసి, ఎక్సు కిరణములతో పరమాణువుల స్థానములను గుర్తించిరి. తరువాతి పరిశోధనలలో చిత్రమైన సంగతి బయటపడెను. మెథోట్రెక్సేటు ఫోలిక్ ఆమ్లమువలెనే కూర్చుండునని ఎవరైనను ఊహింతురు. అట్లు కాదు. దాని జంటవలయము బోర్లపడి, ఫోలిక్ ఆమ్లపు వలయమునకు తలక్రిందులుగా అమరియున్నది!

ఇట్టి స్ఫటికచిత్రములను భద్రపరచుటకు 1971లో ప్రొటీను నిధి యొకటి ఏర్పడెను. నాడు అందున్నవి 7 నిర్మాణములు. నేడు 2 లక్షలు దాటినవి. 1982లో శాన్ ఫ్రాన్సిస్కోలో కుంట్జ్ బృందము, చెవిని బీగములో అమర్చిచూచు పనిని కంప్యూటరునకు అప్పగించెను. నేడు అట్టి సాధనములు కొన్ని ధర లేకయే లభించుచున్నవి. నిధియు అందరికి తెరచియే యున్నది. ఖరీదైన ప్రయోగశాల లేని పట్టణపు కళాశాలకు ఇది చిన్న వరము కాదు. 2008లో మన దేశమున సి.ఎస్.ఐ.ఆర్. ఆరంభించిన బహిరంగ ఔషధాన్వేషణ పథకములో, క్షయక్రిమి జన్యువుల వివరములను సమకూర్చిన వారిలో పలు కళాశాలల విద్యార్థులుండిరి.

అయితే నాకొక శంక కలదు. యంత్రము ప్రతి అమరికకు ఒక సంఖ్య నిచ్చును. మంచి సంఖ్య కనిపించగానే మందు దొరికినదని విద్యార్థి సంతోషించును. ఆ పదార్థము కణములోనికి పోవునా, కాలేయమున నిలుచునా, ఆరోగ్యమైన మజ్జను చెరచునా అన్నది ఆ సంఖ్య చెప్పదు. మెథోట్రెక్సేటే మోతాదు మించినచో ప్రాణాపాయము. అందుచేత పాఠక్రమమున నాకు నచ్చిన అభ్యాస మిది: ఉపాధ్యాయుడు స్ఫటికచిత్రమునుండి మెథోట్రెక్సేటును తీసివేసి, ఖాళీ ఎంజైమును విద్యార్థి కిచ్చును. ఫోలిక్ ఆమ్లమును, మెథోట్రెక్సేటును ఏ విధముగా అమర్చెదవో ముందు కాగితముపై గీయుమనును. పిదప యంత్రమును నడిపించును. చివరకు అసలు స్ఫటికచిత్రమును తెరపై పెట్టి, మూడింటిని ప్రక్కప్రక్కన చూపును. తరగతిలో ఎక్కువమంది గీసినది రెండింటిని ఒకే తీరున కూర్చుండబెట్టిన బొమ్మయే యగును.