గ్యాప్ ఇయర్ ఎవరిది? విదేశీ బోర్డింగ్ స్కూళ్లలో పని: మన పిల్లలకున్న దారులు, అడ్డంకులు

పెదపాడు చుట్టుపక్కల పేటల్లో ఇంటర్ తర్వాత చదువు ఆగిపోయిన పిల్లలతో మాట్లాడుతున్నప్పుడు, గురుకులంలో చదివిన ఒక అమ్మాయి మమ్మల్ని అడిగింది: "అక్కా, ఫారిన్‌లో కూడా హాస్టల్ స్కూళ్లు ఉంటాయంట కదా. అక్కడ పిల్లల్ని చూసుకునే పనికి మనల్ని తీసుకుంటారా?"

తీసుకుంటారు. కాకపోతే ఇంటర్ సర్టిఫికెట్‌తో ఆ గుమ్మం దాటడం కష్టం. ఏ దారిలో వెళ్లొచ్చు, ఎంత ఖర్చవుతుంది, ఎక్కడ మోసపోయే ప్రమాదం ఉంది అనే వివరాలు విద్యార్థులకూ, వాళ్లకు సలహా చెప్పే కార్యకర్తలకూ ఒకచోట ఉండాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

ఒకే ఖాళీ, రెండు పేర్లు

బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాల్లో పద్దెనిమిదేళ్లకు స్కూలు ముగించిన పిల్లలు కొందరు యూనివర్సిటీలో చేరేముందు ఒక ఏడాది విరామం తీసుకుంటారు. దాన్ని గ్యాప్ ఇయర్ అంటారు. ఆ ఏడాది వేరే దేశంలోని బోర్డింగ్ స్కూల్లో సహాయకులుగా పనిచేయడం అక్కడ పాత అలవాటే. తిరిగొచ్చాక అది బయోడేటాలో గొప్ప అనుభవంగా లెక్కకొస్తుంది.

మన దగ్గరా గ్యాప్ ఇయర్ ఉంది, పేరే వేరు. డబ్బున్న ఇళ్లలో దాన్ని లాంగ్ టర్మ్ కోచింగ్ అంటారు. కొల్లేరు చుట్టుపక్కల కూలి ఇళ్లలో అయితే ఆ ఏడాది చేపల చెరువుల మీదో, రొయ్యల షెడ్లలోనో, ఏలూరు బట్టల షాపుల్లోనో గడిచిపోతుంది. మళ్లీ కాలేజీలో చేరబోతే 'ఈ ఏడాది ఏం చేశావు?' అని గ్యాప్ అఫిడవిట్ అడుగుతారు. ఒకరికి అనుభవమైన ఏడాదికి ఇంకొకరు నోటరీ దగ్గర సంజాయిషీ రాసివ్వాల్సి వస్తోంది.

అక్కడ చేసే పని ఏమిటి?

గ్యాప్ అసిస్టెంట్, బోర్డింగ్ అసిస్టెంట్, రెసిడెంట్ అసిస్టెంట్ అని ఒక్కో స్కూలు ఒక్కో పేరు పెడుతుంది. పొద్దున పిల్లల్ని లేపి తయారుచేయించడం, భోజనాల దగ్గర ఉండటం, సాయంత్రం స్టడీ అవర్లో కూర్చోవడం, ఆటలకు తీసుకెళ్లడం, ఇంటి మీద బెంగపెట్టుకున్న చిన్నపిల్లల్ని కనిపెట్టుకోవడం, రాత్రి లైట్లు ఆర్పేదాకా తిరిగి చూడటం ఇందులో ప్రధానమైన పనులు. స్కూల్లోనే గది, భోజనం ఇస్తారు.

ఇది చదివిన గురుకుల పూర్వ విద్యార్థులకు నవ్వొస్తుంది. ఆరో తరగతి పిల్లల్ని లేపడం, అన్నం వడ్డించడం, జ్వరమొస్తే పక్కన కూర్చోవడం ఇవన్నీ మన హాస్టళ్లలో పెద్ద క్లాసుల పిల్లలు జీతం లేకుండా చేసే పనులే. అక్కడ ఆ పనికి పదవి పేరు, జీతం, చివర్లో అనుభవ పత్రం ఉంటాయి. మన పిల్లలు ఏళ్ల తరబడి చేసిన పనికి కాగితం మీద ఒక్క వాక్యం కూడా మిగలదు.

'బోర్డింగు' మన పేటలకు కొత్త మాట కాదు

గోదావరి, కృష్ణా జిల్లాల దళిత క్రైస్తవ పెద్దలు ఇప్పటికీ 'నేను బోర్డింగులో చదువుకున్నాను' అంటారు. వాళ్లు చెప్పేది మిషన్ హాస్టల్ గురించి. చర్చ్ మిషనరీ సొసైటీ 1841లో మచిలీపట్నంలో పని మొదలుపెట్టి, 1854లో ఏలూరు వచ్చింది. ఆ సంస్థ తరఫున వచ్చిన రాబర్ట్ నోబుల్ 1843లో మచిలీపట్నంలో తెరిచిన బడి ప్రధానంగా పైకులాల పిల్లల కోసమే. 1859లో రాఘవాపురంలో మాల కులానికి చెందిన పగోలు వెంకయ్య కుటుంబం క్రైస్తవంలో చేరింది. ఆ తర్వాత మాల, మాదిగ పేటల నుంచి జనం పెద్దఎత్తున మిషన్ వైపు కదిలారు. తమ పిల్లలకు చదువు కావాలన్న ఆ పేటల ఒత్తిడే మిషన్లను ఊరి బడులకూ, బోర్డింగులకూ నడిపించింది.

అంబేద్కర్ కూడా వసతిని చదువులో భాగంగానే చూశారు. 1924లో బహిష్కృత హితకారిణి సభ పెట్టాక, ఆ సభ మొదటగా చేపట్టిన పనుల్లో షోలాపూర్ హాస్టల్ ఒకటి. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో 1971లో సర్వేల్‌తో గురుకుల విద్య మొదలైంది. సాంఘిక సంక్షేమ గురుకులాల సొసైటీ 1987లో ఏర్పడింది.

అంటే నూటయాభై ఏళ్లుగా విదేశాల నుంచి ఇక్కడికొచ్చి మన పిల్లల బోర్డింగులు నడిపినవాళ్లున్నారు. ఇక్కడి బోర్డింగుల్లో పెరిగిన పిల్లలు అక్కడికి వెళ్లి అదే పని చేయడానికి మాత్రం దారి ఈమధ్యే, అదీ సన్నగా తెరుచుకుంది.

బ్రిటన్ దారి

ఇండియా యంగ్ ప్రొఫెషనల్స్ స్కీమ్ వీసా 2023లో మొదలైంది. ఏడాదికి 3,000 వరకు వీసాలు ఇస్తారు. వయసు 18 నుంచి 30 ఏళ్ల మధ్య ఉండాలి. డిగ్రీ లేదా అంతకు మించిన చదువు తప్పనిసరి. ముందు ఆన్‌లైన్ లాటరీలో పేరు ఇవ్వాలి. దానికి ఫీజు లేదు, పాస్‌పోర్ట్ మాత్రం చేతిలో ఉండాలి. పేరు వస్తేనే వీసాకు దరఖాస్తు చేయాలి. ముందుగా ఉద్యోగం చూసుకోవాల్సిన అవసరం లేదు. వీసా రెండేళ్లు ఉంటుంది, పొడిగింపు ఉండదు.

ఖర్చు అసలు అడ్డంకి. బ్యాంకు ఖాతాలో 2,530 పౌండ్లు వరుసగా 28 రోజులు నిలిచి ఉన్నట్టు చూపాలి. మన రూపాయల్లో అది రెండున్నర లక్షలు దాటుతుంది. ఆరోగ్య సర్‌చార్జి ఏడాదికి 776 పౌండ్ల చొప్పున రెండేళ్లకు ముందే కట్టాలి. వీసా ఫీజు, క్షయ పరీక్ష, విమాన టికెట్ వీటికి అదనం. పోషించాల్సిన 18 ఏళ్లలోపు పిల్లలు ఉన్నవారికి ఈ వీసా రాదు. చిన్న వయసులోనే పెళ్లయి తల్లులైన అమ్మాయిలకు ఈ ఒక్క నిబంధనతోనే తలుపు మూసుకుపోతుంది.

ఆస్ట్రేలియా దారి

వర్క్ అండ్ హాలిడే వీసాను 2024 సెప్టెంబరులో భారతీయులకు కూడా తెరిచారు. ఏడాదికి 1,000 వీసాలు. ఇక్కడా లాటరీయే, పేరు ఇవ్వడానికి 25 డాలర్లు. వయసు 18 నుంచి 30. ఇంటర్ తర్వాత కనీసం రెండేళ్ల చదువు ఉండాలి, ఇంగ్లిష్ వచ్చని రుజువు చూపాలి, సుమారు 5,000 ఆస్ట్రేలియా డాలర్లు దగ్గర ఉండాలి. మొదటి విడతలో దాదాపు 40 వేల మంది పోటీపడ్డారు.

సాధారణంగా ఒకే యజమాని దగ్గర ఆరు నెలలకు మించి పనిచేయకూడదన్నది ఈ వీసా షరతు. నాలుగు టర్ముల స్కూలు ఏడాదిలో అది రెండు టర్ములకే సరిపోతుంది. స్కూలుతో మాట్లాడేటప్పుడు ఈ సంగతి ముందే చెప్పాలి.

ఏ దేశంలోనైనా పిల్లలతో పనిచేయాలంటే నేరచరిత్ర తనిఖీ ఉంటుంది. మన వైపు నుంచి పాస్‌పోర్ట్ సేవ ద్వారా పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ తీసుకోవాలి. ధర్నాల్లో, ఉద్యమాల్లో కేసులు పడిన యువత ఈ విషయం లాయర్‌తో ముందుగా మాట్లాడుకోవడం మంచిది.

స్కాలర్‌షిప్‌లు ఎందుకు పనికిరావు?

కేంద్రం ఎస్సీలకూ, మరికొన్ని వర్గాలకూ ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ విదేశాల్లో పీజీకి, పీహెచ్‌డీకే పరిమితం. ఏడాదికి 125 మందికి ఇస్తారు. పని అనుభవం కోసం వెళ్లే ఏడాదికి దానిలో పైసా రాదు. మిషన్ బోర్డింగుల్లో చదివిన కుటుంబాల మీద ఇంకో దెబ్బ ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా వల్ల దళిత క్రైస్తవులు ఎస్సీలుగా లెక్కకు రారు. మన రాష్ట్రంలో వాళ్లు బీసీ-సి. బోర్డింగు ఇచ్చిన మతమే విదేశీ చదువు స్కాలర్‌షిప్‌కు అడ్డమైంది.

జీతం, హక్కులు, కులం

వసతి, భోజనం ఇస్తున్నామని జీతం ఎగ్గొట్టడం కుదరదు. బ్రిటన్‌లో 2025 ఏప్రిల్‌లో 21 ఏళ్లు దాటినవారికి కనీస వేతనం గంటకు 12.21 పౌండ్లుగా ఉండేది. గది ఇచ్చినందుకు ఆ కనీస వేతనం లెక్కలో అప్పట్లో రోజుకు 10.66 పౌండ్లకు మించి మినహాయించకూడదని నిబంధన ఉండేది. రాత్రి డ్యూటీ గంటలు ఎలా లెక్కిస్తారో, సెలవుల్లో గది ఉంటుందో లేదో ఒప్పందంలో రాయించుకోవాలి.

సముద్రం దాటితే కులం పోతుందని అనుకోవద్దు. బ్రిటన్‌లో పెర్మిలా తిర్కీ అనే ఆదివాసీ ఇంటిపని కార్మికురాలు తనను పనిలో పెట్టుకున్న భారతీయ కుటుంబం మీద కేసు వేసింది. 2015లో ఎంప్లాయ్‌మెంట్ ట్రిబ్యునల్ ఆమెకు వేతన బకాయిల కింద 1,83,773 పౌండ్లు ఇవ్వాలని తీర్పిచ్చింది. కులవివక్ష 'జాతి మూలాల' కిందికి రావచ్చని అదే కేసులో అప్పీలు ట్రిబ్యునల్ 2014లో చెప్పింది. అక్కడ కులం మీద ప్రత్యేక చట్టం లేకపోయినా, ఫిర్యాదుకు ఈ తీర్పు ఆధారమవుతుంది.

ఏజెంట్ల దగ్గర జాగ్రత్త

గోదావరి జిల్లాల పేటలకు విదేశం అంటే ముందు గుర్తొచ్చేది కువైట్, మస్కట్. ఏజెంట్ల చేతుల్లో మోసపోయిన కథలూ మనకు తెలుసు. స్కూలు పని పేరుతో కూడా అదే జరగొచ్చు. ఈ రెండు వీసాల లాటరీకీ ఏజెంటు అవసరం లేదు. 'లాటరీలో పేరు వచ్చేలా చేస్తాం' అన్నవాళ్లు అబద్ధం చెబుతున్నట్టే. విదేశీ ఉద్యోగానికి మనుషుల్ని పంపే ఏజెంటు 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్టరై ఉండాలి. ఈ-మైగ్రేట్ పోర్టల్లో పేరు చూసుకోవచ్చు. సర్వీసు చార్జి 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీకి మించి అడగకూడదు. అక్కడికి వెళ్లాక ఇబ్బందైతే భారత విదేశాంగ శాఖ మదద్ పోర్టల్లో ఫిర్యాదు చేయవచ్చు.

మనం అడగాల్సినవి

గురుకుల పెద్ద విద్యార్థులు హాస్టల్లో చేసే బాధ్యతలకు ప్రిన్సిపాల్ సంతకంతో అనుభవ పత్రం ఇవ్వాలి. దీనికి బడ్జెట్ అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు. డిగ్రీ ఆఖరి ఏడాది పిల్లలకు పాస్‌పోర్ట్ ఫీజు 1,500 రూపాయలు సంక్షేమ శాఖ కట్టాలి. లాటరీలో పేరొచ్చిన ఎస్సీ, ఎస్టీ, దళిత క్రైస్తవ యువతకు బ్యాంకులో చూపాల్సిన సొమ్మును వడ్డీలేని రుణంగా ఇవ్వాలి. కూలికెళ్లిన ఏడాదికి గ్యాప్ అఫిడవిట్ అడిగే పద్ధతి పోవాలి.

మమ్మల్ని అడిగిన అమ్మాయికి మేము చెప్పింది ఇదే: ముందు డిగ్రీలో చేరు, పాస్‌పోర్ట్ తీసుకో, హాస్టల్లో చూసుకున్న చిన్నపిల్లల గురించి ఇప్పుడే ఒక కాగితం మీద రాసిపెట్టుకో. ఆమె ఈ ఏడాది రొయ్యల షెడ్డుకు వెళ్తోంది. వచ్చే జూన్‌లో డిగ్రీలో చేరడానికి ఆమెకు కావాల్సిన మొదటి కాగితం గ్యాప్ అఫిడవిట్.