చిప్ మారినా ప్రోగ్రాం ఆగలేదు

2020 నవంబరులో యాపిల్ తన సొంత ఎం1 చిప్‌తో మ్యాక్ కంప్యూటర్లను మార్కెట్లోకి తెచ్చింది. ఇంటెల్ కోసం రాసిన పాత ప్రోగ్రాంను వాటిలో తొలిసారి తెరిస్తే, రోజెట్టా అనే అనువాద ప్రోగ్రాంను ఇన్‌స్టాల్ చేయమంటారా అని కంప్యూటరే అడుగుతుంది. ఒప్పుకుంటే చాలు, పాత ప్రోగ్రాం నడుస్తుంది. ఆ సదుపాయం వెనక పాతికేళ్లకు పైబడిన శ్రమ ఉంది.

ఒక చిప్ కోసం తయారైన ప్రోగ్రాం మరో రకం చిప్‌కు అర్థం కాదు. యాపిల్‌కు ఈ చిక్కు మొదట 1994లో ఎదురైంది. మోటరోలా 68000 వర్గం చిప్‌లను వదిలి పవర్‌పీసీకి మారినప్పుడు, పాత చిప్‌ను అనుకరించేలా ఇంజినీరు గ్యారీ డేవిడియన్ రాసిన ఎమ్యులేటర్ ఆదుకుంది. అప్పట్లో ఆపరేటింగ్ సిస్టంలోనే చాలా భాగం పాత చిప్ కోడ్‌గా ఉండి, ఆ ఎమ్యులేటర్ మీదే నడిచేది.

పవర్‌పీసీ నుంచి ఇంటెల్‌కు మారే రెండో మార్పును 2005 జూన్‌లో స్టీవ్ జాబ్స్ ప్రకటించారు. 2006 జనవరిలో ఇంటెల్ మ్యాక్‌లు వచ్చాయి. మాంచెస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధనలోంచి పుట్టిన ట్రాన్సిటివ్ సంస్థ టెక్నాలజీతో తొలి రోజెట్టా తయారైంది. 2011లో వచ్చిన మ్యాక్ ఆపరేటింగ్ సిస్టం లయన్ వెర్షన్‌లో యాపిల్ దాన్ని తీసేసింది. ఎందరో ఏళ్ల తరబడి వాడిన యాపిల్‌వర్క్స్ ప్రోగ్రాం లయన్‌కు మారినవారికి ఇక తెరుచుకోలేదు. 2019లో కెటలీనా వెర్షన్ 32 బిట్ ప్రోగ్రాంలకూ తలుపు మూసింది.

ఎం1 మ్యాక్‌లతో వచ్చిన రోజెట్టా 2 పనితీరు మరింత గొప్పది. ప్రోగ్రాంను ఇన్‌స్టాల్ చేసేటప్పుడో, మొదటిసారి తెరిచేటప్పుడో కోడ్‌ను ముందే అనువదించి దాచుకుంటుంది. అందుకే తొలిసారి కాస్త ఆలస్యమైనా, ఆ తరవాత చకచకా తెరుచుకుంటుంది. మరో చిక్కునూ యాపిల్ ముందే ఊహించింది. మెమరీలో రాతలు ఒక నిర్ణీత వరుసలో కనిపిస్తాయన్న హామీతో ఇంటెల్ ప్రోగ్రాంలు నడుస్తాయి. ఆర్మ్ తరహా చిప్‌లు మామూలుగా ఆ హామీ ఇవ్వవు. దాన్ని పాటించే ఏర్పాటును యాపిల్ ఎం1 చిప్‌లోనే పెట్టింది. పాత ప్రోగ్రాంల కోసం కొత్త చిప్ తయారీలోనే చోటిచ్చిన ఆ దూరదృష్టిని మనసారా మెచ్చుకోవాలి.

అయితే ఈ వెసులుబాటుకూ గడువుంది. మ్యాక్‌ఓఎస్ 27 వరకే రోజెట్టా పూర్తిగా ఉంటుందనీ, తరవాత కొన్ని పాత ఆటలకే పరిమితమనీ యాపిల్ 2025 జూన్‌లో ప్రకటించింది.

పాత ప్రోగ్రాంలు ఆగిపోవడం మ్యాక్ వాడేవారికే పరిమితమైన సంగతి కాదు. మన ఊళ్లలోని డీటీపీ సెంటర్లలో శుభలేఖలు, కరపత్రాలు, కవితా సంపుటాలు ఎన్నో పేజ్‌మేకర్ ప్రోగ్రాంలో అను ఫాంట్లతో తయారయ్యాయి. 2001లో వచ్చిన 7.0 తరవాత పేజ్‌మేకర్‌కు మరో పెద్ద వెర్షన్ రాలేదు. ఆ ఫైళ్లలోని అక్షరాలు యూనికోడ్ అనే ఉమ్మడి అక్షర పద్ధతిలో లేవు. ఆ ఫాంట్లు లేని కంప్యూటర్లో తెలుగుకు బదులు పిచ్చి గుర్తులే కనిపిస్తాయి.

పాత ప్రోగ్రాంను ఎవరో ఒకరు ఎల్లకాలం నడిపిస్తారని నమ్ముకోలేం. మీ ఇంట్లోనో ప్రెస్సులోనో అలాంటి ఫైళ్లుంటే, వాటిని తెరిచే కంప్యూటర్ పనిచేస్తుండగానే పీడీఎఫ్ ప్రతి తీయండి. అక్షరాలను యూనికోడ్‌లోకి మార్చి భద్రపరచండి.