ఇంటి మరమ్మతు: సొంత చేయి, పనివాని చేయి

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని మన పెద్దలు చెప్పిరి. కట్టిన యింటిని నిలుపుకొనుటలోని కష్టమును గూర్చి మాత్రము సామెత యేదియు అంతగా వినబడదు. పెండ్లి కొలది దినములలో ముగియును. ఇల్లు కట్టుట ఒకటి రెండేండ్లలో ముగియును. మరమ్మతు మాత్రము ఇంటివారి ఆయుర్దాయముతోపాటు సాగుచునే యుండును. వానకారు సమీపించినచో కప్పు చూడవలెను. పండుగ దగ్గరపడినచో గోడ చూడవలెను. ఇందేది మనమే చేసికొనదగినది, ఏది పనివానికి వదలదగినది అను ప్రశ్న నేటి గృహస్థునకు క్రొత్తదిగా తోచవచ్చును. నిజమున కది మన యిండ్లంత పాతది. ఒక్కొక్క కాలమున ఆ హద్దు ఒక్కొక్క చోట నుండెను. అది యెట్లు మారుచు వచ్చినదో తెలిసికొన్నచో నేటి నిర్ణయము కొంత సులభమగును.

తెలుగుదేశపు పాత యిండ్లలో పెక్కింటికి గోడ మట్టిదే. కప్పు ప్రాంతమును బట్టి మారుచుండెను. కోస్తా జిల్లాలలో తాటాకు, రెల్లుగడ్డి. రాయలసీమలో మట్టి మిద్దె. కుమ్మరి ఆవము దగ్గరనున్న యూళ్ళలో నాటు పెంకు. ఈ సామగ్రి యంతయు ఊరి పొలిమేరలలో దొరకునదే. కాని యేదియు చాలకాలము నిలుచునది కాదు. తాటాకు కప్పును కొన్ని యేండ్లకొకసారి మార్చవలసి యుండెను. మిద్దెపై వానలకు ముందు చౌడుమన్ను పరచి, పగుళ్ళు పూడ్చి, నీరు తూము వైపునకు జారునట్లు వాలు సరిచేయవలసి యుండెను. చౌడుమన్ను తడిసినప్పుడు దానిలోని సన్నని రేణువులు విడివడి, సందులను మూసి, నీటిని క్రిందికి దిగనీయవు. పంటకు పనికిరాని మన్ను ఇంటికి గొడుగైన దన్నమాట. రసాయనశాస్త్రము తెలియని రైతు ఈ గుణమును అనుభవముచేత కనిపెట్టెను.

గోడ సంగతి వేరు. అడుగుభాగమును, అరుగును పేడనీటితో అలుకుట, ఎఱ్ఱమన్ను పూయుట, వెల్ల వేయుట ఇంటి స్త్రీల పని. కట్టడముల చరిత్ర చెప్పువారు శిల్పులను, మేస్త్రీలను తలచుదురు గాని, దినదినము పనిచేసిన ఈ చేతులను తలచుట అరుదు. “ఇల్లలుకగానే పండుగ కాదు” అను సామెతలో అలుకుట చిన్నపనిగానే లెక్కకు వచ్చినది. కాని అలుకుట మానిన మట్టిగోడలో పగులు పుట్టును. పగులులో చెద చేరును. చెద దూలమువరకు ప్రాకును. ఆ చిన్నపని జరిగినంతకాలమే వడ్రంగికి పెద్దపని తప్పుచుండెను. సొంత చేయికిని పనివాని చేయికిని గల సంబంధము మొట్టమొదట ఇట్లు ఏర్పడినది.

ఇక పనివాని మాట. ఈస్టిండియా కంపెనీ వ్యవహారములపై 1812లో బ్రిటిషు కామన్సు సభ కందిన అయిదవ నివేదికలో మన దక్షిణదేశపు గ్రామోద్యోగుల పట్టిక యొకటి కలదు. అందు కమ్మరి, వడ్రంగి వ్యవసాయపు పనిముట్లు చేయువారని మాత్రమే గాక, రైతు ఇంటిని కట్టువారని కూడ చెప్పబడినది. వీరినే మనము ఆయగాండ్రందుము. వీరికి పనికింత అను కూలి లేదు. కళ్ళములో ధాన్యము కొలుచునప్పుడు “మేర” అను వంతు ముట్టుచుండెను. కొన్నియెడల మాన్యపు భూమి యుండెను. ప్రతి పనికిని వేరుగా డబ్బు చెల్లింపనక్కర లేనందున, తలుపు క్రుంగిననాడే వడ్రంగికి కబురంపుట గృహస్థునకు భారము కాకుండెను. మరమ్మతు వాయిదా పడుటకు కారణము తక్కువ.

అయినను ఈ యేర్పాటునకు రెండవ ముఖము కూడ కలదు. పనివాడు పుట్టుకచేతనే ఆ పనికి కట్టుబడెను. పని కాదనుటకు గాని, తగిన విలువ అడుగుటకు గాని అతనికి వీలు తక్కువ. ఊరి వెలుపలి వాడలలో నివసించినవారు తమ గుడిసెలను తామే నిలుపుకొనిరి. వారికది యిష్టముతో ఎంచుకొనిన స్వయంకృషి కాదు. వేరు దారి లేకపోవుటయే. కావున పాతకాలమంతయు సహకారమయమని తలచుట చరిత్రకు సరిపడదు.

సున్నపు కట్టడములతో పనివాని హద్దు విస్తరించెను. సున్నపురాతిని బట్టీలో కాల్చి, నీటితో విరిచి, ఇసుక చేర్చి, ఎద్దులు త్రిప్పు గానుగలో నూరి, కొన్ని నాణ్యమైన పనులలో కరక్కాయ నీరు, బెల్లపు నీరు కలిపి గచ్చు సిద్ధపరచుచుండిరి. ఆ గచ్చు గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లగా పీల్చుకొని మరల రాయిగా మారును. ఎంత తడి యుండవలెను, ఎన్నిసార్లు మెఱుగుపెట్టవలెను అను తెలివి పుస్తకములలో గాక చేతిలో నుండెను. అది ఇంటివారికి అబ్బునది కాదు, మేస్త్రి రావలసినదే. ఈ “మేస్త్రి” అను మాటయే పోర్చుగీసుల నుండి మనకు వచ్చినది.

తరువాత యంత్రము వచ్చి, విచిత్రముగా, హద్దును కొంత వెనుకకు జరిపెను. 1865లో బాసెల్ మిషన్ వారు మంగళూరున పెంకుల కర్మాగారమును స్థాపించిరి. అచ్చులో నొత్తిన ఆ పెంకులన్నియు ఒకే కొలత. ఒకదాని గాడిలో మరియొకటి కూర్చుండును. మన కోస్తాలో వానిని “బెంగుళూరు పెంకులు” అనుచుండిరి. నాటు పెంకు నేసిన కప్పు కోతుల గంతులకు చెదరినచో దానిని మరల సర్దుటకు చేయి తిరిగినవాడు కావలెను. ఈ క్రొత్త పెంకు పగిలినచో మరియొకటి తెచ్చి అదే చోట జార్చిన చాలును. వస్తువు ఒకే కొలతకు వచ్చినప్పుడెల్ల పనిలో కొంత భాగము మేస్త్రి చేతినుండి గృహస్థుని చేతికి మరలుచుండును. నేటి కుళాయి వాషరు, బల్బు హోల్డరు కూడ ఆ కోవలోనివే.

సిమెంటు ఇందుకు భిన్నమైన పాఠము చెప్పినది. ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ 1824లో పోర్ట్‌లండు సిమెంటునకు పేటెంటు పొందెను. మన దేశమున పోరుబందరు కర్మాగారము 1914లో ఉత్పత్తి ఆరంభించెను. త్వరగా గట్టిపడును గనుక సిమెంటు పని ఎవరైనను చేయవచ్చునను భ్రమ వ్యాపించెను. పాత సున్నపు గోడ పెచ్చులూడినచోట సిమెంటు పూయుట పరిపాటి యయ్యెను. సున్నపు గోడ తేమను పీల్చి మరల గాలికి విడుచును. సిమెంటు పూత ఆ దారిని మూయును. లోన చిక్కిన తేమ ప్రక్కభాగమును చెరచును, పూత తానును ఊడిపడును. ఈ తప్పును ఇంటివారును చేసిరి, కూలికి వచ్చిన మేస్త్రీలును చేసిరి. పనివానిని పిలిచినంత మాత్రమున పని తెలిసినవానిని పిలిచినట్లు కాదని దీనివలన తేలుచున్నది.

విద్యుచ్ఛక్తి యింటిలో ప్రవేశించిన పిమ్మట ఈ హద్దును మొదటిసారి చట్టమే గీచినది. 1956 నాటి భారత విద్యుత్ నిబంధనలలో 45వది, ఇంటి విద్యుత్ అమరికలో చేర్పులు, మార్పులు, మరమ్మతులు లైసెన్సు గల కంట్రాక్టరు ద్వారా, యోగ్యతాపత్రము గలవాని పర్యవేక్షణలో జరుగవలెనని విధించెను. దీపము, పంకా, ఫ్యూజు, స్విచ్చి వంటివానిని మార్చుటకు మినహాయింపు నిచ్చెను. అయితే ఆ మార్పువలన అమరిక యొక్క సామర్థ్యము గాని స్వభావము గాని మారరాదు. ఆ నిబంధనల స్థానమున 2010లోను, పిదప 2023లోను కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నియమములు వచ్చినవి. ఆ మినహాయింపులోని వివేకము మాత్రము నేటికిని పనికివచ్చును. కరగిన ఫ్యూజు తీగకు బదులు అంతే మందముగల తీగ వేసినవాడు మరమ్మతు చేసినవాడు. అది మాటిమాటికి కరగుచున్నదని విసిగి మందపు రాగితీగ చుట్టినవాడు అమరిక స్వభావమునే మార్చినవాడు. మొదటి పని రెండు నిమిషములది. రెండవదియు రెండు నిమిషములదే. కాని రెండవదానివలన గోడలోని తీగ కాగి ఇల్లంటుకొనవచ్చును. పని చిన్నదా పెద్దదా యని కాక, దాని ఫలితము ఎంతవరకు ప్రాకునని చూడవలెను.

పనివానిని పిలుచుటలో మనము మరచు మాట మరియొకటి కలదు. మనకు ప్రమాదమని తోచిన పనిని కొంత డబ్బిచ్చి పేదవానికి అప్పగించినచో ప్రమాదము తొలగినదా? మరుగుదొడ్డి తొట్టిలో విషవాయువులుండును. అందు దిగినవాడు, అతనిని కాపాడబోయి దిగినవాడు, ఇరువురును ప్రాణములు కోల్పోయిన సంగతులు మనము వినుచునే యున్నాము. 1993 చట్టము చేతులతో మలమునెత్తు పనికి మనుష్యులను నియమించుటను నిషేధించెను. 2013 చట్టము ఇంకను ముందునకు పోయి, రక్షణసాధనములు లేక మురుగు తొట్టిని శుభ్రపరచుటకు ఎవరిని గాని నేరుగానైనను పరోక్షముగానైనను నియమింపరాదనెను. ఈ బాధ్యత పురపాలక సంఘమునకే కాదు, గృహస్థునకును కలదు. యంత్రముతో తోడువారికి కబురంపుటయే ఇచట సరియైన మార్గము. తక్కువ కూలికి మనిషి దొరకుట మన అదృష్టము కాదు.

ఈ కథనంతటిని కలిపి చూచినచో గృహస్థుడు వేసికొనవలసిన ప్రశ్నలు మూడు. పని చెడినచో మరునాడు దానిని తిరిగి సరిచేయవచ్చునా? వెల్ల సరిగా పడనిచో మరియొక పూత వేయవచ్చును. దూలము కోసినచో అతుకదు. ఆ పని ఇంటి స్వభావమును మార్చునా, లేక ఉన్నదానిని ఉన్నట్లు నిలుపునా? అందలి ప్రమాదము ఎవరి శరీరముపై పడును? ఈ మూడింటికిని నిశ్చింతగా సమాధానము చెప్పగలిగిన పనిని సొంత చేతితో చేసికొనుట లాభమే కాక ఆనందము కూడ. చెప్పలేనిచో తెలిసినవానిని పిలిచి, తగిన కూలి నిచ్చి, అతడు పనిచేయునప్పుడు దగ్గర నిలిచి చూడవలెను.

చూచుట మాత్రము ఏ కాలమునను ఇంటివారి వంతే. తొలకరికి ముందొక దినము నిచ్చెన వేసి కప్పును, తూమును, గోడ మొదలును, మీటరు పెట్టెను పరికింపుడు. మీటరు పెట్టెను కంటితోనే గాని చేతితో వలదు. ఎచట చెమ్మ యున్నదో, ఎచట పగులున్నదో కాగితముపై వ్రాసికొనుడు. మేస్త్రి వచ్చినప్పుడు ఆ కాగితము అతని చేతిలో పెట్టినచో అతని పనియు సులభమగును, మీ డబ్బును వ్యర్థము కాదు.