ఊపిరిని తిరిగి అప్పగించుట

బిడ్డచేత తల్లిపాలు మాన్పించుటను ఇంగ్లీషువారు 'వీనింగ్' అంటారు. శ్వాసయంత్రము మీద ఉన్న రోగిని ఆ యంత్రమునుండి తప్పించుటకు వైద్యులు పెట్టిన పేరు కూడా అదే. చన్నుకు వేపాకు ముద్ద రాసి బిడ్డను మరపించే మన తల్లులకు ఆ పనిలోని కష్టము తెలియనిది కాదు. అయితే రోగి విషయములో ఈ పోలిక ఎంతవరకు చెల్లునో తేలుటకు వైద్యలోకమునకు నలభై ఏళ్లకు పైగా పట్టినది.

కథ 1952లో డెన్మార్కు రాజధాని కోపెన్‌హేగన్ నగరములో మొదలైనది. ఆ వేసవిలో అక్కడ పోలియో విజృంభించినది. బ్లెగ్‌డామ్ ఆసుపత్రిలో ఊపిరి ఆడక యంత్రముల నాశ్రయించిన మొదటి 31 మందిలో 27 మంది మరణించినారు. ఛాతీచుట్టూ గాలి ఒత్తిడిని తగ్గించి ఊపిరి లాగించే నాటి యంత్రములు వారిని కాపాడలేకపోయినవి. ఆగస్టు నెలలో బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు వైద్యులు ఒక పన్నెండేళ్ల బాలిక గొంతుకు రంధ్రము చేయించి, గొట్టము పెట్టి, రబ్బరు సంచిని చేతితో నొక్కుతూ ఊపిరితిత్తులలోనికి గాలి పంపినారు. బాలిక బ్రతికినది. తరువాత దాదాపు 1,500 మంది వైద్యవిద్యార్థులు వంతులవారీగా రాత్రింబవళ్లు సంచులు నొక్కినారు. మరణములు సగానికి పైగా తగ్గినవి. క్రమముగా ఆ చేతుల పనిని యంత్రములు అందుకొన్నవి.

ఈ పోలియో రోగులలో ప్రధానముగా చెడినది ఊపిరితిత్తి కాదు, కండరములను నడిపే నరము. కండరము కోలుకొన్నకొద్దీ సంచితో పని తగ్గినది. అదే సంవత్సరము డిసెంబరులో లండను నగరమును కమ్మిన పొగమంచు వేరొక తరహా రోగిని లోకము కంటికి చూపినది. ఆ పొగకు అప్పటి ప్రభుత్వపు లెక్క ప్రకారమే దాదాపు 4,000 మంది బలియైనారు. ఏళ్లతరబడి దగ్గుతో, ఆయాసముతో బాధపడుతూ వచ్చిన వృద్ధులు వారిలో చాలమంది.

చుట్ట, సిగరెట్టు పొగవలనగాని, వంటింటి పిడకల పొగవలనగాని పాడైన ఊపిరితిత్తి సాగిపోయిన కొలిమితిత్తి వంటిది. లోనికి పోయిన గాలి పూర్తిగా వెలికి రాదు. ఛాతీకి, పొట్టకు నడుమ గొడుగువలె ఉండవలసిన కండరము ఆ ఉబ్బుకు చదునై పట్టు కోల్పోతుంది. రక్తములో బొగ్గుపులుసుగాలి ఎక్కువగా ఉండుటకు అట్టి రోగులలో పలువురి దేహము అలవాటుపడి ఉంటుంది. యంత్రము దానిని మామూలు మనిషి స్థాయికి దించినచో, యంత్రము తీసిననాడు పాత భారమే రోగికి కొత్త భారమౌతుంది. పైగా పనిలేని కండరము క్షీణిస్తుంది. 2008లో అమెరికాలో వెలువడిన పరిశోధన ఒకటి దీనిని చూపినది. మెదడు మరణించి, 18 నుండి 69 గంటలు పూర్తిగా యంత్రముపై ఉన్న అవయవదాతలలో ఆ కండరపు పోగులు సగానికి పైగా సన్నబడినవి.

తొందరపడి గొట్టము తీస్తే మళ్లీ వేయవలసి వచ్చి ప్రాణాపాయము. ఆలస్యము చేస్తే నెమ్ము, నీరసము. కనుక వైద్యులు తల్లులవలె మెల్లమెల్లగా మాన్పించ జూచినారు. 1973లో ఫ్లోరిడాలో జాన్ డౌన్స్ మొదలైనవారు, యంత్రమిచ్చే ఊపిరుల సంఖ్యను క్రమముగా తగ్గిస్తూ, నడుమ నడుమ రోగిని తానే పీల్చుకోనిచ్చే పద్ధతిని ప్రకటించినారు. చూచుటకు ఎంతో న్యాయముగా తోచిన ఆ పద్ధతి పలు దేశములకు వ్యాపించినది.

1995లో స్పెయిన్ వైద్యులు ఆండ్రెస్ ఎస్తెబాన్ నాయకత్వమున ఈ నమ్మకమును పరీక్షకు పెట్టినారు. యంత్రము విడుచుటకు సిద్ధముగా ఉన్నట్లు తోచిన 546 మందిని రెండు గంటలసేపు తమంత తాము ఊపిరి పీల్చనిచ్చినారు. ఆయాసపడినవారు 130 మంది మాత్రమే. తక్కిన నాలుగింట మూడు వంతులమందికి మెల్లగా మాన్పించవలసిన పనియే లేకపోయినది! ఆ 130 మందిలో కూడ, రోజుకొకమారు యంత్రము తప్పించి చూచినవారు, ఊపిరుల లెక్క తగ్గిస్తూ వచ్చినవారికన్న దాదాపు మూడు రెట్లు వేగముగా విముక్తులైనారు.

అయినను, పాడైన ఊపిరితిత్తులవారు కొందరు ఆ పరీక్షలో పదే పదే తప్పుతారు. వారికి 1998లో ఇటలీనుండి ఒక మార్గము దొరికినది. స్టెఫానో నావా, ఆయన సహచరులు అట్టి దీర్ఘరోగులు 50 మందిని తీసుకొని, సగముమందికి గొట్టము తీసివేసి, ముఖమునకు బిగించిన మాస్కుద్వారా యంత్రపు గాలిని అందించినారు. అరవై రోజులకు మాస్కువారిలో నూటికి 92 మంది, గొట్టమువారిలో నూటికి 72 మంది జీవించి ఉన్నారు. తరువాతి పరిశోధనలు కూడ ఈ మార్గమును బలపరచినవి.

ఆసుపత్రిలో పెద్దవారి మంచము ప్రక్కన కూర్చున్న ఇంటివారు ఈ చరిత్రనుండి ఒక సంగతి గ్రహించవచ్చును. నేటి పరీక్షలో రోగి తప్పినంతమాత్రాన అది ఓటమి కాదు. రేపు మళ్లీ పరీక్ష ఉన్నది. పాలు మానవలసిన వేళను తల్లి నిర్ణయిస్తుంది. యంత్రము విడువవలసిన వేళను రోగి ఊపిరియే చెప్పవలెను; ప్రతి ఉదయము దానిని అడుగవలసినవారు వైద్యులు.