మూడు గొంతులు, ఊరంతా వంత

ప్రజానాట్యమండలి వయసు ఎనిమిది పదులు దాటింది. సంస్థకు పండుగ వచ్చినప్పుడు వ్యవస్థాపకుల ఫొటోలు, మహాసభల వరుస, ఆడిన నాటకాల పట్టిక ప్రత్యేక సంచికకెక్కడం రివాజు. ఈ వ్యాసం మాత్రం మండలి రాత్రుల గురించి. రచ్చబండ పక్కనో బడి ముందరో ముగ్గురు మనుషులు గజ్జెలు కట్టి నిలబడితే, పొలం పనుల్లో ఒళ్లు అలిసిన జనం నిద్ర మానుకుని కూర్చున్న బుర్రకథ రాత్రుల గురించి. ఆ ముగ్గురిలో కథకుడి పేరు చరిత్రకెక్కింది. పక్కనున్న ఇద్దరి పేర్లు చాలావరకు ఊళ్లలోనే ఉండిపోయాయి. మండలి నడిచిన దారంతా కలయజూస్తే నాకు తోచేది ఇది: కథ నడిపింది కథకుడే, దాన్ని ఊరి సొంతం చేసింది మాత్రం వంత.

గింజల కోసం చెప్పిన కథ

మండలి బుర్రకథను కనిపెట్టలేదు. అది అప్పటికే తరాలనాటిది. జంగాలు ఊరూరా తిరుగుతూ కథ చెప్పి, గింజలో పాతబట్టలో పుచ్చుకుని పొరుగూరికి సాగిపోయేవారు. కోస్తాలో బుర్రకథ అన్నదాన్నే రాయలసీమలో తందాన కథ, జంగం కథ అనేవారు. తెలంగాణలో శారదకథ. కథకుడికి వంత పలికేది చాలాచోట్ల అతని ఇంటి ఆడవాళ్లే. ఊరు ఆ కథ విని ఏడ్చేది, నవ్వేది, చేటతో బియ్యం పోసేది. కళాకారుడన్న గౌరవం మాత్రం ఇచ్చేది కాదు. అది యాచక వృత్తి కిందే లెక్క.

పట్టణాల్లో అప్పుడు పద్యనాటకాల హవా. హార్మోనియం మీద రాగం సాగదీసి పద్యం ఎత్తుకుంటే వన్స్‌మోర్ల మీద వన్స్‌మోర్లు పడేవి. చదువుకున్నవాళ్ల దృష్టిలో రంగస్థలమంటే అదే. తోలుబొమ్మలు, గొల్లసుద్దులు, పగటివేషాలు, జంగం కథలు పల్లెవాళ్ల కాలక్షేపం.

1943లో పరిస్థితి మారింది. యుద్ధం మూలంగా ధరలు మండిపోతున్నాయి, కిరసనాయిలు దొరకడం గగనమైంది, బెంగాలులో కరువు లక్షల ప్రాణాలు తీస్తోంది. ఆ మే 25న బొంబాయిలో ఇప్టా, అంటే భారత ప్రజానాట్య సంఘం ఏర్పడింది. దాని ఆంధ్ర శాఖగా ప్రజానాట్యమండలి నిలబడింది. వైద్యవృత్తిలో ఉన్న డాక్టర్ గరికపాటి రాజారావు దాన్ని భుజాన వేసుకున్నారు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు జంటగా నాటకాలు రాశారు. మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి నటుడిగా చేరి, తర్వాత ఈ కళారూపాల చరిత్రకారుడయ్యారు. ఆయన రాసిన ‘తెలుగువారి జానపద కళారూపాలు’ ఈనాటికీ ఈ రంగంలో పనిచేసేవాళ్లకు చేతిపుస్తకం.

మండలి బుర్రకథను ఎంచుకోవడానికి ఆదర్శం ఎంత కారణమో చేతిలో డబ్బు లేకపోవడమూ అంతే కారణం. నాటకానికి తెరలు కావాలి, దుస్తులు కావాలి, పదిమందికి తిండి పెట్టాలి. బుర్రకథ దళానికి ముగ్గురు మనుషులు, ఒక తంబురా, రెండు డక్కీలు చాలు. సైకిలెక్కినా, ఎడ్లబండెక్కినా, ఆఖరికి కాలినడకన బయల్దేరినా సాయంత్రానికి పొరుగూరు చేరొచ్చు.

మధ్యన కథ, పక్కన లోకం

నడిమధ్య కథకుడు. పొడుగాటి అంగరఖా, నడుముకు పట్టీ, తలపాగా, భుజం మీద తంబురా. కుడిచేతి బొటనవేలికి ఒక అందె, అదే చేతిలో మరొకటి. రెండూ తగిలించి తాళం పలికిస్తాడు. కుడిపక్కన రాజకీయం, ఎడమపక్కన హాస్యం. దళాల వాడుకలో మనుషులకే ఆ పేర్లు. “మీ రాజకీయం ఎవరు?” అంటే పార్టీ అడిగినట్టు కాదు, కుడివైపు డక్కీ వాయించేదెవరని అడిగినట్టు.

కథకుడు ద్విపదలోనో రగడలోనో కథ ఎత్తుకుని చరణం చివర వదిలేస్తాడు. పక్కవాళ్లు తందాన అంటూ అందుకుంటారు. పైకి ఇది అలంకారంలా కనిపిస్తుంది గానీ, దీని వెనక పక్కా లెక్క ఉంది. మైకు లేని కాలంలో వందలమందికి వినిపించేలా రెండు మూడు గంటలు పాడుతూ, గెంతుతూ, వచనం చెబుతూ ఉండే మనిషికి ఊపిరి తీసుకునే సందు ఎక్కడ? వంత పలికే ఆ రెండు క్షణాలే. అందుకోవడం ఒక్క తృటి ఆలస్యమైతే కథకుడి గుక్క తప్పుతుంది. ముందే అందుకుంటే చివరి మాట జనానికి వినబడదు. నడక నిదానంగా మొదలై యుద్ధ ఘట్టానికి వచ్చేసరికి దౌడు అందుకుంటుంది. ఆ వేగం మార్చేది డక్కీల దరువే. మంచి వంత దొరికిన కథకుడు అదృష్టవంతుడని పాతవాళ్లు అనేది ఇందుకే.

పాటతో వంత పని అయిపోదు. కథ పన్నెండో శతాబ్దపు పల్నాటిలో నడుస్తుంటుంది. హాస్యం ఉన్నట్టుండి కథకుణ్ణి ఆపి ఒక ప్రశ్న వేస్తాడు. రాజుగారి కొలువులో కొలతల మాట వస్తే చాలు, ఊళ్లో కిరసనాయిలు కొలిచే గరిటె దగ్గరికి పోతాడు. జనం గొల్లుమంటారు. ఆ నవ్వు సద్దుమణగకముందే రాజకీయం అందుకుని, ఆ గరిటె ఎందుకు చిన్నదయిందో, మిగిలిన నూనె ఎవరింటికి పోయిందో నాలుగు ముక్కల్లో విడమరుస్తాడు. కథకుడు ఏమీ ఎరగనట్టు మళ్లీ పల్నాడుకు వెళ్లిపోతాడు. ఉపన్యాసం చెబితే లేచిపోయే జనం చేత లోకం తీరు వినిపించిన కిటుకు ఇదే. పాత కథ చెక్కుచెదరదు, కొత్త సంగతి చెప్పడమూ ఆగదు.

కథ రాత్రి

పగలు దండోరా వేసేవారు. సందె చీకటి పడేసరికి పిల్లలు ముందు వరసలో చాపలు పరిచి చోటు పట్టేవారు. మగవాళ్లు భోజనాలు ముగించి, చుట్టలు ముట్టించి వచ్చేవారు. ఆడవాళ్లు అరుగుల మీద, గోడల వార సర్దుకునేవారు. పెట్రోమాక్సు లైటు వెలిగించడం ఒక తతంగం. పంపు కొట్టి కొట్టి, మాంటిలు తెల్లగా మండేదాకా జనమంతా దాన్నే చూసేవారు. కథ మధ్యలో లైటు మసకేస్తే కథకుడు ఆగడు, ఎవరో ఒకరు వంగి పంపు కొట్టి పోతారు. రెండు బండ్లు చేర్చి పైన బల్లలు పరిస్తే వేదిక.

నడుమ చదివింపులు. కథ రక్తి కట్టినచోట ఎవరో అర్ధరూపాయి పంపిస్తారు. కథకుడు గొలుసు తెగకుండా ఫలానావారి చదివింపు అని పేరు పలికి, అదే శ్రుతిలో కథలోకి దూకుతాడు. తన పేరు అందరి ముందూ వినాలన్న సరదా కొద్దీ రెండోవాడూ పంపుతాడు. జంగం గింజలు పుచ్చుకున్న పద్ధతికి ఇది కొనసాగింపే, కానీ తేడా చిన్నది కాదు. అక్కడ కళాకారుడు గడప ముందు నిలబడి అడిగాడు. ఇక్కడ ఊరే వచ్చి అతని ముందు కూర్చుంది.

పొన్నెకల్లు నాజర్

ఈ మార్పుకు నిలువెత్తు సాక్ష్యం షేక్ నాజర్. 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పేద దూదేకుల కుటుంబంలో పుట్టారు. చిన్ననాడే నాటకాల్లో ఆడవేషాలు కట్టారు, హార్మోనియం పట్టారు, సంగీతం నేర్చుకున్నారు, పొట్టకూటికి దర్జీ పనీ చేశారు. మండలిలోకి వచ్చాక ఆ విద్యలన్నీ బుర్రకథలో కలిశాయి. ఆడవేషం నేర్పిన కళ్ల కదలిక, శాస్త్రీయ సంగీతం ఇచ్చిన శ్రుతిశుద్ధి, పల్లె నుడికారం ఒక్క మనిషిలో కలవడంతో జంగం కథ కొత్త కళ సంతరించుకుంది. బెంగాలు కరువు మీద చెప్పినా, అల్లూరి సీతారామరాజు కథ చెప్పినా, బొబ్బిలి యుద్ధం చెప్పినా జనం విరగబడేవారు.

ఆయన చేతిలో అన్నిటికన్నా పండిన కథ పల్నాటి యుద్ధం. శ్రీనాథుడు మంజరీ ద్విపదలో రాసిన కథ అది. కారంపూడిలో వీరుల ఆరాధన జరిగే కార్తీకంలో వీరవిద్యావంతులు తరతరాలుగా పాడుతున్న కథ. అన్ని కులాలనూ ఒకే పంక్తిలో కూర్చోబెట్టిన బ్రహ్మనాయుడి చాపకూడు అందులోదే. ఆ ఘట్టాన్ని ఒక దూదేకుల సాయిబు, కులాలవారీగా విడివిడిగా కూర్చునే అలవాటున్న ఊళ్లలో నిలబడి చెప్పడంలోనే సగం కథ ఉంది. వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు. 1986లో పద్మశ్రీ ఆయన్ను వరించింది. తన జీవితకథకు ఆయన పెట్టుకున్న పేరు ‘పింజారి’. తనను చిన్నచూపు చూడటానికి వాడిన మాటనే అట్ట మీద అచ్చు వేయించారు. 1997లో కన్నుమూశారు.

గజ్జె కట్టిన ఆడపిల్లలు

జంగం కథలో ఆడవాళ్లు వంతకే పరిమితం. మండలి వాళ్లను నడిమధ్యకు తెచ్చింది. మోటూరి ఉదయం మహిళా బుర్రకథ దళంతో ఊళ్లు తిరిగారు. కొండపల్లి కోటేశ్వరమ్మ పాటలు పాడారు, నాటకాలాడారు. ఆనాటి సంగతులు ఆమె ఆత్మకథ ‘నిర్జన వారధి’లో చదవొచ్చు. ఇంటి ఆడపిల్ల కాలికి గజ్జె కట్టి పదిమందిలో నిలబడితే పరువు పోయిందనుకునే రోజులవి. అభ్యుదయం మాట్లాడే ఇళ్లలోనూ పెద్దలు ససేమిరా అన్న సందర్భాలు లేకపోలేదు. అయినా ఆ దళాలు కథ చెప్పినచోట అరుగుల మీది ఆడవాళ్లు ముందుకు జరిగి కూర్చున్నారు.

నిషేధం చెప్పిన విలువ

1947లో సుంకర, వాసిరెడ్డి ‘మా భూమి’ నాటకం రాశారు. తెలంగాణ రైతు పోరాటం దాని వస్తువు. అనేక దళాలు దాన్ని ఊరూరా ఆడాయి. మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. బుర్రకథ మీదా వేటు పడింది, నిజాం రాజ్యంలోనూ అంతే. ముగ్గురు మనుషులు, రెండు డక్కీలు ప్రభుత్వాలకు అంత బెదురు పుట్టించాయంటే ఆ రాత్రుల సత్తా ఏమిటో వేరే చెప్పాలా? తెలంగాణలో సుద్దాల హనుమంతు గొల్లసుద్దులను ఇదే పనికి మలిచారు. పశులు కాసే పిల్లవాడి మీద ఆయన రాసిన పాట, మూడు దశాబ్దాల తర్వాత గౌతం ఘోష్ తీసిన ‘మా భూమి’ సినిమాతో రాష్ట్రమంతా పాకింది. పేరు ఒకటే అయినా, ఆ సినిమా కథ ఈ నాటకం నుంచి తీసుకున్నది కాదు.

నిర్బంధం ముదిరాక దళాలు చెల్లాచెదురయ్యాయి. కొందరు జైళ్లకు, కొందరు అజ్ఞాతంలోకి, మరికొందరు మద్రాసుకు. రాజారావు 1953లో ‘పుట్టిల్లు’ తీశారు. జమున, అల్లు రామలింగయ్య తెరకు పరిచయమైంది దానితోనే. సినిమా ఆడలేదు. తెలుగు సినిమాకు మాత్రం మండలి పెంచిన నటులు, సంగీతకారులు దక్కారు.

విడ్డూరం ఏమిటంటే, ఒకప్పుడు నిషేధించిన కళనే ప్రభుత్వాలు తర్వాత కిరాయికి పిలిచాయి. కుటుంబ నియంత్రణకు బుర్రకథ, చిన్న మొత్తాల పొదుపుకు బుర్రకథ. దళాలకు నాలుగు రూపాయలు దొరికిన మాట నిజం. కానీ ఆ కథల్లో హాస్యం అడగకూడని ప్రశ్న అడగడు, రాజకీయం పథకం గుణగణాలు అప్పజెబుతాడు. వంత మిగిలింది, దాని పదును పోయింది. ఆ పదును డెబ్బైల్లో మరో తరం చేతికి వచ్చింది. 1972లో మొదలైన జననాట్యమండలి దారి వేరు, రాజకీయం వేరు. అయినా అందులోని గద్దర్ తొలినాళ్లలో బుర్రకథ దళం నడిపినవాడే.

ఇప్పుడు చేయవలసింది

మండలి దళాలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పనిచేస్తున్నాయి. బుర్రకథ మాత్రం సభ మొదలయ్యే ముందు జనం కుదురుకునేదాకా నడిపే పది నిమిషాల అంశం అయిపోయింది. మంత్రిగారి కారు కనపడగానే కథ ఆపమని చెవిలో చెబుతారు. పది నిమిషాల్లో కథకుడు తన గొంతు చూపించగలడు. వంత పని చేయడానికి ఆ వ్యవధి చాలదు. పాత్రలు జనానికి అలవాటు కావాలి, నడక దౌడు అందుకోవాలి, హాస్యం ఊరి మీద ఒక మాట విసిరి దానికి జవాబు రాబట్టాలి. దానికి తక్కువలో తక్కువ రెండు గంటలు పడుతుంది.

మండలి ఉత్సవాలు జరిపే కమిటీకి నా విన్నపం ఒక్కటే. శాలువాలకు, ఫ్లెక్సీలకు పెట్టే ఖర్చులో సగం తీసి, ఏటా కొన్ని ఊళ్లలో పూర్తి నిడివి కథ పెట్టించండి. ముగ్గురికీ సమానంగా పారితోషికం ఇవ్వండి, ముగ్గురి పేర్లూ ఒకే సైజు అక్షరాల్లో వేయండి. కుర్రాళ్లకు శిక్షణ ఇచ్చేటప్పుడు కథకుణ్ణి తయారు చేయడంతో సరిపెట్టకుండా డక్కీ దరువు, ఎదురుప్రశ్న వేసే నేర్పు కూడా పాఠంలో పెట్టండి. ఊరి సంగతి తెలిసిన హాస్యం, లెక్క తెలిసిన రాజకీయం దొరికితే కథకులు వాళ్లంతట వాళ్లే పుట్టుకొస్తారు. మండలి తొలి పదేళ్ల అనుభవం చెప్పింది అదే.